నోటికి నూనె, ఊరికి నీరు

నోటి దుర్వాసన ఉన్నవారికి ఆ సంగతి సాధారణంగా తెలియదు. తెలిసినవారు మర్యాద కొద్దీ చెప్పరు. ముక్కు ఎడతెగక తగిలే వాసనకు త్వరగా అలవాటుపడి దానిని లెక్కచేయడం మానేస్తుంది కనుక, తన శ్వాస ఎలా ఉందో మనిషి ఎదుటివారి ముఖంలోని మార్పు నుంచి, వారు ఒక అడుగు వెనక్కి జరగడం నుంచి ఊహించుకోవలసి వస్తుంది. ఆ ఊహ కొన్నిసార్లు తప్పుతుంది కూడా: నోట ఏ వాసనా లేకున్నా ఉందేమోనన్న భయంతో మాట తగ్గించుకుని, నోటికి చేయి అడ్డం పెట్టుకుని బతికేవారున్నారు, వైద్యులు ఈ స్థితిని అసలు దుర్వాసన నుంచి వేరు చేసి, దానికి వేరే చికిత్స చెబుతారు. అందువల్ల నోటి వాసనకు మందు గురించి ఆలోచించేవారు రెండు ప్రశ్నలను విడివిడిగా అడగవలసి ఉంటుంది: నోటిలో నిజంగా ఏం జరుగుతోంది, ఆ నోటిని లోకం ఎలా చదువుతోంది. మొక్కల నూనెలు మొదటి ప్రశ్నకు కొంతవరకు సమాధానం చెప్పగలవు. రెండవది ఎంత బరువైన ప్రశ్నో నల్గొండ జిల్లా పడమటి అంచున ఉన్న మర్రిగూడ మండలానికి తెలిసినంతగా చాలా ఊళ్ళకు తెలియదు.

మొదటి ప్రశ్నకు శాస్త్రం చెప్పే సమాధానం స్పష్టంగానే ఉంది. దుర్వాసన కడుపులోనుంచి వస్తుందనే నమ్మకం ఊళ్ళలో బలంగా ఉన్నా, పది మందిలో ఎనిమిది తొమ్మిది మందిలో దాని పుట్టుక నోటిలోనే, అందులోనూ ఎక్కువగా నాలుక వెనుక భాగంలోనూ చిగుళ్ళ సందులలోనూ ఉంటుంది. గాలి తగలని ఆ చోట్లలో ఆక్సిజన్ లేకుండానే బతికే సూక్ష్మజీవులు ఆహారపు తునకలలో, రాలిన చర్మకణాలలో, లాలాజలంలో ఉన్న మాంసకృత్తులను విడగొట్టి, వాటిలోని గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్‌కాప్టాన్ వంటి వాయువులుగా వదులుతాయి. మురిగిన కోడిగుడ్డు వాసనకు కారణమైన వాయువు కూడా ఈ హైడ్రోజన్ సల్ఫైడే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ టోన్జెటిచ్ 1960ల నుంచి చేసిన పరిశోధనలు ఈ గంధక వాయువులే నోటి వాసనకు మూలమని నిలబెట్టాయి. లాలాజలం ఈ సూక్ష్మజీవులను నిరంతరం కడిగివేస్తూ ఉంటుంది. నిద్రలో అది తగ్గిపోతుంది కనుకనే ఆరోగ్యవంతుడి నోరు సైతం తెల్లవారేసరికి వాసన వేస్తుంది. ఎండాకాలంలో నీళ్ళు చాలక, ఉపవాసంతో, బీడీ, చుట్ట, గుట్కా, మద్యం వంటి అలవాట్లతో నోరు ఎండిపోయినప్పుడు ఇదే పరిస్థితి పగటిపూట కూడా కొనసాగుతుంది.

ఈ కారణాన్ని గుర్తుంచుకుంటే మందును పరీక్షించే కొలత కూడా చేతికి వస్తుంది. ఏ పదార్థమైనా నోటి వాసనకు పనిచేస్తుందంటే, అది నాలుక మీది పాచిని తొలగించాలి, లేదా ఆ సూక్ష్మజీవుల సంఖ్యను తగ్గించాలి, లేదా కనీసం గంధక వాయువులను పట్టి నిలపాలి. ఈ మూడింటిలో ఏదీ చేయకుండా పైన ఒక పరిమళాన్ని పరిచే పదార్థం కొన్ని నిమిషాలపాటు వాసనను కప్పుతుందే తప్ప దాని జోలికి పోదు. దక్షిణ తెలంగాణ మెట్ట నేలల్లో దొరికే నూనెలను ఈ కొలతతోనే చూడవలసి ఉంది.

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎర్ర చల్కలు నూనె గింజలకు పేరుపడ్డ భూములు. వాన నమ్మకం లేని చోట ఆముదం ఇక్కడి రైతుకు చాలాకాలం ప్రధాన పంటగా నిలిచింది; మహబూబ్‌నగర్ వైపు పాలెం పరిశోధన స్థానం నుంచి క్రాంతి, హరిత, కిరణ్ వంటి ఆముదం రకాలు విడుదలయ్యాయి. పత్తి వచ్చి ఆముదం చేలను చాలామేరకు ఆక్రమించినా, ఆముదంతోపాటు నువ్వులు, పల్లి, కుసుమ నూనెలు, చేల గట్ల మీది కానుగ, వేప గింజల నూనెలు ఈ ప్రాంతపు ఇళ్ళకు తెలియనివి కావు. అయితే ఈ నూనెలన్నింటికీ ఒకే పని లేదన్న విషయం కూడా ఆ ఇళ్ళకు తెలుసు. కానుగ నూనె దీపానికీ ఒంటి మీది గజ్జికీ వాడుకునేది; గింజలను వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెట్టి పైకి తేలిన నూనెను తీసుకునే వంటాముదం తలకూ విరేచనానికీ వాడుకునేది; నోట పుక్కిలించే నూనెగా నువ్వుల నూనెకు దక్కిన చోటు ఇంక దేనికీ దక్కలేదు. ఆముదాన్ని నోటి పరిశుభ్రత వైపు తిప్పే ప్రయత్నాలు దూరాన బ్రెజిల్‌లో జరిగాయి. అక్కడి దంత వైద్య పరిశోధకులు ఆముదం నుంచి తయారుచేసిన ద్రావణంలో కట్టుడు పళ్ళను నానబెట్టి శుభ్రపరచే పద్ధతిని పరీక్షించారు. ఆ ద్రావణం కట్టుడు పళ్ళ గిన్నెలో పనికివచ్చింది కనుక వంటాముదాన్ని నోట పోసుకోవచ్చునని అనుకోవడం పొరపాటు.

నూనె కన్నా ముందు ఈ ప్రాంతపు ఉదయాలలో పుల్ల ఉంది. వేప పుల్లను గానీ కానుగ పుల్లను గానీ ఒక కొసన నమిలి కుంచెలా చేసి పళ్ళు తోముకోవడం, తోమడం అయ్యాక అదే పుల్లను నిలువునా రెండుగా చీల్చి ఆ బద్దతో నాలుక గీసుకోవడం నిన్న మొన్నటిదాకా ప్రతి వాకిట్లో కనిపించిన పని. మసీదుల దగ్గర అమ్మే మిస్వాక్ పుల్ల కూడా ఈ కోవలోనిదే. ఆధునిక దంత వైద్యం దుర్వాసనకు ముందుగా చెప్పే సలహా నాలుక వెనుక భాగాన్ని శుభ్రపరచుకోమన్నదే కనుక, ఈ అలవాటులో ఎక్కువ మేలు చేసినది వేప చేదా, చివరన నాలుక మీద నడిచిన ఆ బద్దా అని అడిగితే బద్దకే ఎక్కువ మార్కులు వేయవలసి వస్తుంది. బ్రష్షు, పేస్టు వచ్చి పుల్లను పక్కకు నెట్టినప్పుడు చాలా ఇళ్ళలో చేదుతోపాటు బద్ద కూడా పోయింది. పేస్టు డబ్బాలో దాని బదులు ఏదీ రాలేదు.

సంస్కృత వైద్య గ్రంథాలు ఈ పనులన్నింటినీ దినచర్యలో, అంటే ఆరోగ్యవంతుడు రోజూ చేయవలసిన పనుల వరుసలో చేర్చాయి. చరక సంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయం పళ్ళు తోమడానికి కరంజం, కరవీరం, అర్కం మొదలైన చెట్ల పుల్లలను పేర్కొంటుంది; ఇవి తెలుగు నేల మీద కానుగ, గన్నేరు, జిల్లేడు. నాలుక గీసుకునే బద్దను బంగారం, వెండి, రాగి వంటి లోహాలతో చేయించుకోవాలని, నోరు సువాసనగా ఉండటానికి జాజికాయ, లవంగం, యాలకులు, కర్పూరం, తమలపాకు వంటివి నోట ఉంచుకోవాలని అదే అధ్యాయం చెబుతుంది. సుశ్రుతుడు చేదు రుచిగల పుల్లలలో వేపను, కారపు రుచిగల వాటిలో కానుగను, వగరు రుచిగల వాటిలో చండ్రను, తీపి రుచిగల వాటిలో ఇప్పను శ్రేష్ఠంగా ఎంచాడు. మర్రిగూడ చుట్టుపక్కల పొలాల గట్ల మీద మొలిచే వేప, కానుగ రెండూ ఆ నాలుగింటిలో ఉండటం చూస్తే, గ్రంథం ఊరిని చూసి రాసిందా, ఊరు గ్రంథాన్ని విని పాటించిందా అన్న తర్కం ఎవరైనా లేవదీయవచ్చు. మొదటిదే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది. అదే సమయంలో గ్రంథంలో ఉన్నది కనుక చేయదగినదే అనుకోరాదని గన్నేరు హెచ్చరిస్తుంది: ఆ మొక్కలో ప్రతి భాగంలోనూ గుండె నడకను చెడగొట్టే విషం ఉంది.

నూనెను నోట పట్టడానికి ఆయుర్వేదంలో రెండు పద్ధతులు, వాటికి రెండు పేర్లు ఉన్నాయి. నోరు కదపడానికి వీలులేనంత నిండుగా ద్రవాన్ని పట్టి ఉంచడం గండూషం. కదిపి పుక్కిలించడానికి వీలైనంత మాత్రమే పట్టడం కవలం. నువ్వుల నూనెతో గండూషం చేసేవారికి దవడలకు బలం, గొంతుకు మంచి స్వరం కలుగుతాయని, గొంతు ఎండదని, పెదవులు పగలవని, పళ్ళు పుచ్చవని, పులుపు తిన్నా జివ్వుమనవని చరకుడు ఫలితాలు చెప్పాడు. గమనించదగిన సంగతి ఏమిటంటే, ఈ జాబితా అంతా నోరు, గొంతు, దవడ అనే సరిహద్దులోనే ఆగిపోతుంది. పుక్కిలించిన నూనె మోకాళ్ళ నొప్పిని, మధుమేహాన్ని, గుండె జబ్బును తగ్గిస్తుందన్న మాట ఆ అధ్యాయంలో లేదు. పాత గ్రంథం తన మందుకు గీసిన గీతను దాటించినవారు తరువాతి కాలంలో వచ్చారు. ఆ దాటింపు పెద్ద ఎత్తున జరిగిన భాషలలో తెలుగు ఒకటి.

1990లలో ఆయిల్ పుల్లింగ్ అనే పేరుతో నూనె పుక్కిలింత తెలుగు ఇళ్ళలోకి కొత్తగా ప్రవేశించింది. ఉక్రెయిన్‌కు చెందిన వైద్యుడిగా ప్రచారమైన ఫెడోర్ కరాచ్ పేరు దానికి మూలంగా చెప్పుకున్నారు. తుమ్మల కోటేశ్వరరావు దానిని తెలుగులో విస్తృతంగా ప్రచారం చేశారు. ఆంధ్రజ్యోతి దినపత్రిక దానికి చోటిచ్చింది. చరకుడి గండూషం తన సొంత నేలకు ఉక్రెయిన్ చుట్టూ తిరిగి, ఇంగ్లీషు పేరు పెట్టుకుని వచ్చిందన్నమాట. పొద్దున్నే పరగడుపున ఒక చెంచా నువ్వుల నూనెనో పొద్దుతిరుగుడు నూనెనో నోట పోసుకుని, పది నుంచి ఇరవై నిమిషాలు కదిలించి, తెల్లగా పలచబడ్డాక ఉమ్మివేయడం అందులోని పద్ధతి. దానితో నయమవుతాయని చెప్పిన జబ్బుల పట్టిక మాత్రం తలనొప్పి నుంచి కీళ్ళవాతం దాకా, అక్కడి నుంచి ఇంకా దూరం సాగింది. 1996లో పాఠకులను అడిగి తెలుసుకున్నదిగా ప్రచారంలో ఉన్న లెక్క ప్రకారం జవాబిచ్చిన 1,041 మందిలో 927 మంది ఏదో ఒక జబ్బు తగ్గిందని చెప్పారు. ఆ సంఖ్యను చూసి ఆశ్చర్యపడే ముందు, ఫలితం కనిపించనివారు పనిగట్టుకుని పత్రికకు ఉత్తరం రాస్తారా అని ఆలోచించాలి. మందు తీసుకున్నవారినీ తీసుకోనివారినీ పక్కపక్కన పెట్టి చూడని లెక్క ఎంత పెద్దదైనా అది నమ్మకాల లెక్కగానే మిగులుతుంది.

అంతమాత్రాన నూనెను పూర్తిగా కొట్టివేయడం కూడా తొందరపాటే అవుతుంది. తమిళనాడులో శరత్ అశోకన్, ఆయన సహచరులు ఈ నమ్మకాన్ని పరీక్షకు నిలబెట్టారు. 2011లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో ఇరవై మంది కౌమార వయస్కులను రెండు జట్లుగా విడగొట్టి, ఒక జట్టుకు నువ్వుల నూనెను, రెండవ జట్టుకు దంత వైద్యులు మామూలుగా వాడే క్లోర్‌హెక్సిడిన్ ద్రావణాన్ని ఇచ్చి, నోటి వాసనను, దానికి కారణమయ్యే సూక్ష్మజీవుల జాడను కొలిచారు. రెండు జట్లలోనూ వాసన తగ్గింది. నూనె ఆ ద్రావణానికి తీసిపోలేదు. 2015లో కేరళ పరిశోధకులు కొబ్బరి నూనెతో అరవై మంది మీద చేసిన పరిశీలనలో పంటి పాచి, చిగుళ్ళ వాపు తగ్గాయి. ఇవన్నీ కొద్దిమంది మీద కొద్ది రోజులు చేసినవి, తుది తీర్పుకు చాలనివి. అందుకే అమెరికన్ డెంటల్ అసోసియేషన్ వంటి సంస్థలు తగిన ఆధారం లేదని చెబుతూ ఆయిల్ పుల్లింగ్‌ను సిఫారసు చేయడం లేదు. కాని ఈ చిన్న ఆధారం కూడా నోటి గురించినదే అన్నది గమనిస్తే, ప్రయోగశాల తిరిగి చరకుడు గీసిన గీత దగ్గరికే వచ్చి నిలిచిందని చెప్పవచ్చు.

నూనె నోటిలో చేసే పనికి పరిశోధకులు ఇచ్చే వివరణలు సులభంగానే అర్థమవుతాయి. నూనెను లాలాజలంతో కలిపి ఎక్కువసేపు కదిలిస్తే అది సన్నని బిందువులుగా విడిపోయి నీటితో కలిసి తెల్లని ద్రవంగా మారుతుంది. దీనిని ఎమల్షన్ అంటారు. లాలాజలంలోని క్షారగుణం వల్ల నూనెలో కొద్ది భాగం సబ్బు స్వభావం పొందుతుందని కూడా ఒక అభిప్రాయం. నోటిలోని అనేక సూక్ష్మజీవుల పైపొర నీటికన్నా నూనెకు ఎక్కువగా అతుక్కునే గుణం కలది కనుక, అవి ఈ బిందువులకు అంటుకుని ఉమ్మితోపాటు బయటికి పోతాయి. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన మెల్ రోజెన్‌బర్గ్ సరిగ్గా ఈ గుణం మీద ఆధారపడి, నూనె పొర, నీటి పొర రెండూ విడివిడిగా కనిపించే పుక్కిలింత ద్రవాన్ని తయారుచేశారు. సీసాను బాగా ఊపి రెండు పొరలనూ కలిపి నోట పోసుకోవడం దానిని వాడే విధానం. మర్రిగూడలో అరుగు మీద కూర్చుని నూనె పుక్కిలించే ముసలామె ఆ ఊపే పనిని తన బుగ్గలతో చేస్తుంది.

ఇంతవరకు చెప్పిన నువ్వులు, కొబ్బరి, ఆముదం వంటివి స్థిర తైలాలు. కాగితం మీద చుక్క వేస్తే జిడ్డు మరక శాశ్వతంగా మిగిల్చేవి. వాము గింజలు, లవంగాలు, పుదీనా, నీలగిరి ఆకుల నుంచి ఆవిరి పట్టి తీసే నూనెలు వేరే జాతివి. వాటి చుక్క కాసేపటికి గాలిలో కలిసిపోయి, వాసన తప్ప ఏమీ మిగల్చదు కనుక వీటిని ఆవిరయ్యే తైలాలు లేదా సుగంధ తైలాలు అంటారు. స్థిర తైలం సూక్ష్మజీవులను అంటించుకుని బయటికి తెస్తే, సుగంధ తైలం వాటి పైపొరను ఛేదించి చంపుతుంది. వాము నూనెలోని థైమాల్, లవంగ నూనెలోని యూజినాల్, పుదీనా జాతిలోని మెంథాల్ ఈ గుణం గల పదార్థాలు. పంటి నొప్పికి లవంగం నొక్కిపెట్టడం ఇంటి వైద్యం అయితే, పంటిలో తాత్కాలికంగా నింపే పదార్థంలో యూజినాల్‌ను జింక్ ఆక్సైడ్‌తో కలిపి వాడటం దంత వైద్యుల పని. ఇల్లూ ఆసుపత్రీ ఒకే మొక్కను ఆశ్రయించిన సందర్భాలలో ఇది ఒకటి.

వాము కథ ఇంకొంచెం దూరం వెళుతుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు భారతదేశపు వాము గింజలు జర్మనీకి ఎగుమతై, అక్కడ థైమాల్‌గా మారేవి. ఈ థైమాల్‌తోపాటు నీలగిరి తైలంలోని యూకలిప్టాల్, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ అనే నాలుగూ కలిసినదే 1879లో అమెరికాలో పుట్టిన లిస్టరిన్. శస్త్రచికిత్సలో సూక్ష్మజీవ నాశకాల వాడకాన్ని నెలకొల్పిన జోసెఫ్ లిస్టర్ పేరు పెట్టుకున్న ఆ ద్రవం మొదట గాయాలు కడగడానికి ఉద్దేశించినది; 1920లలో దాని తయారీదారులు నోటి దుర్వాసనకు హాలిటోసిస్ అనే గంభీరమైన వైద్య నామాన్ని ప్రకటనల్లోకి తెచ్చి, పెళ్ళి కాకుండా మిగిలిపోయిన అమ్మాయిల బొమ్మలు వేసి, ఎవరూ మీతో చెప్పని లోపం మీలో ఉందేమోనన్న భయాన్ని ఇంటింటికీ పంచారు. ద్రవంలో పనిచేసే పదార్థాలు నిజమైనవే. అమ్ముడుపోయినది మాత్రం చాలావరకు భయం. తెలుగు నేల మీద ఆయిల్ పుల్లింగ్ ఆశను అతిగా పెంచితే, అమెరికాలో లిస్టరిన్ సిగ్గును అతిగా పెంచింది. రెండు చోట్లా మధ్యలో నలిగిపోయినది నోటికి చిన్న మేలు చేసే ఒక సామాన్యమైన నూనె.

మేలు చిన్నదైనా జాగ్రత్తలు చిన్నవి కావు. నోట పట్టిన నూనెను మింగరాదు. సూక్ష్మజీవులు చేరిన నూనె కడుపులోకి పోవడం ఒక బాధ అయితే, పొరపోయి ఊపిరితిత్తులలోకి దిగితే ఒక రకమైన న్యుమోనియా రావడం అంతకన్నా పెద్ద బాధ. కనుక పసిపిల్లలకూ, మింగడం సరిగా రాని వృద్ధులకూ ఈ పద్ధతి పనికిరాదు. సుగంధ తైలాలు చుక్కల లెక్కలో, బాగా పలచబరిచి వాడవలసినవి. నీలగిరి తైలం, కర్పూరం, లవంగ నూనె కొద్దిగా కడుపులోకి పోయినా పిల్లలకు ప్రాణం మీదికి తెస్తాయి. వేప గింజల నూనెను పిల్లలకు తాగించినప్పుడు మెదడుకు, కాలేయానికి హాని జరిగిన సంఘటనలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. వేప పుల్ల మంచిదన్న పేరు ఆ నూనెకు వర్తించదు. చిగుళ్ళ నుంచి రక్తం, కదిలే పళ్ళు, గొంతులో గడ్డలు, అదుపు తప్పిన మధుమేహం, మూత్రపిండాల జబ్బు వంటివి వాసనకు కారణమైనప్పుడు నూనె చేసేది ఏమీ లేకపోగా, వైద్యుడి దగ్గరికి వెళ్ళవలసిన రోజును వెనక్కి నెడుతుంది.

ఇక రెండవ ప్రశ్న, నోటిని లోకం చదివే తీరు. మర్రిగూడ, దాని పక్కన శివన్నగూడెం, ఖుదాబక్షపల్లి వంటి ఊళ్ళలో తరతరాలుగా తాగిన బావి, బోరు నీళ్ళలో గ్రానైట్ రాతి పొరల నుంచి కరిగిన ఫ్లోరైడ్ హద్దు మీరి ఉండేది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మేలని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర మిల్లీగ్రాముల దాకా సహించవచ్చునని భారత ప్రమాణం చెబుతుంది. అంతకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీటిని చిన్నతనంలో తాగినవారి పళ్ళ పింగాణి పొర ఏర్పడే దశలోనే చెడి, తెల్లని మచ్చలతో మొదలై పసుపు, గోధుమ రంగు చారలుగా, గుంతలుగా కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి తాగినవారికి ఎముకలు వంగి, కీళ్ళు బిగుసుకుపోతాయి. నల్గొండ జిల్లాలోని ఈ బాధను 1955లోనే సిద్దిఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించాడు. పటికను, సున్నాన్ని కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించి దానికి నల్గొండ పేరే పెట్టింది. జిల్లా పేరు ప్రపంచ ఇంజనీరింగ్ పుస్తకాలలో చేరింది గాని, జిల్లా ఊళ్ళకు మంచినీరు చేరడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది.

ఆ దశాబ్దాలలో గారపట్టినట్టు కనిపించే పళ్ళను బయటివారు అశుభ్రతగా చదివారు. ఫ్లోరైడ్ మరక పంటి లోపలి నిర్మాణంలో ఉన్నది. దానికీ నోటి వాసనకూ నేరుగా సంబంధం లేదు. అయినా పళ్ళ రంగును చూసిన కన్ను ముక్కుకు తెలియని వాసనను కూడా తీర్మానించేస్తుంది. నవ్వు ఆపుకోవడం, కొత్తవారి ముందు మాట తగ్గించడం, ఆ ఊళ్ళ సంబంధం అంటే వెనుకాడటం వంటివన్నీ ఈ తప్పు చదువు నుంచి పుట్టినవే. అటువంటి మనిషికి ఎవరైనా నూనె పుక్కిలించమని, వాము నమలమని సలహా ఇస్తే అది మంచి మనసుతో చెప్పినదైనా రెండుసార్లు గాయపరుస్తుంది: లేని అశుభ్రతను ఉన్నట్టు ఒప్పుకోమంటుంది, ఊరి నీటి వల్ల వచ్చిన మరకకు ఆ మనిషి అలవాట్లను తప్పుపడుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత చెబుతుంది. ఇక్కడ ఊరి నీరు మంచిదైతే తప్ప నోరు మంచిదయ్యే మార్గం లేకపోయింది.

ఈ తేడాను నల్గొండ జనం స్పష్టంగా గ్రహించారనడానికి 1996 సాక్ష్యం. నూనె పుక్కిలింతతో సర్వరోగాలూ పోతాయన్న మాట తెలుగు పాఠకులలో ఊపు మీదున్న అదే సంవత్సరం, నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు; దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి ఫ్లోరైడ్ నీటి గోడును దేశానికి వినిపించడానికి ఎంచుకున్న మార్గం అది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయి, పోలింగ్ వాయిదా పడింది. ఆ ఏడే ఎన్నికల ధరావతు భారీగా పెంచుతూ చట్టం మారింది. ఒకవైపు ప్రతి జబ్బుకూ మందు వంటింటి అలమారలోనే ఉందన్న నమ్మకం, మరొకవైపు ఈ జబ్బుకు మందు తమ ఇళ్ళలో దేనిలోనూ లేదన్న ఎరుక ఒకే కాలంలో ఒకే భాషలో వినిపించాయి. రెండవ మాట పలికినవారిని వైద్యం తెలియనివారుగా ఎవరూ తీసిపారేయలేరు. తమ జబ్బు పుట్టిన చోటును వారు సరిగ్గా గుర్తించారు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరణతో మొదలై, 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ తాగునీటి పథకం నల్లా నీళ్ళను ఈ ఊళ్ళ వాకిళ్ళకు తెచ్చింది. వంగిన ఎముకలు దానితో తిరిగి నిటారు కావు. గట్టిపడ్డ పంటి మరక పోదు. కాని పళ్ళ పింగాణి ఏర్పడే ఎనిమిదేళ్ళలోపు వయసులో మంచినీళ్ళు తాగే పిల్లలకు ఆ మరక రాదు.

ఒక మందును గౌరవించడమంటే దాని పని ఎంతవరకో తెలుసుకుని అక్కడిదాకా వాడుకోవడం. నువ్వుల నూనె పాచిని కొంత వదిలిస్తుంది, ఎండిన నోటిని తడుపుతుంది, ఖరీదైన సీసా కొనలేని ఇంట్లో ఆ సీసా చేసే పనిలో కొంత భాగం చేస్తుంది. అది చాలదని దాని మీద సర్వరోగ నివారిణి అన్న బరువు మోపితే, ఏదో ఒక రోజు ఆ బరువు మోయలేక పోయినప్పుడు అది చేసే చిన్న మేలును కూడా జనం నమ్మడం మానేస్తారు. ఇంటి మందుకు ఇంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది: ప్రతి బాధకూ ఇంట్లోనే మందు ఉందని నమ్మిన సమాజంలో, ఇంటి బయట చేయవలసిన పనిని చేయనివారు నిశ్చింతగా ఉంటారు. నీటిని శుద్ధి చేయడం పైపులైన్ల పని, పుచ్చిన పన్ను దంత వైద్యుడి పని, పొగాకు మానడం మనిషి సంకల్పం పని. ఇవి పోగా మిగిలినది నూనె పని.

నల్లా నీళ్ళు తాగి పెరిగిన మర్రిగూడ పిల్లలకు పళ్ళు తెల్లగా నిలిస్తే ఆ ఘనతలో ఏ నూనెకూ వాటా ఉండదు. అయితే ఆ పిల్లలు పెద్దవారయ్యాక వారి నోరు కూడా తెల్లవారేసరికి వాసన వేస్తుంది; లాలాజలానికీ నాలుక మీది సూక్ష్మజీవులకూ సర్కారు పథకాలతో పని లేదు. అప్పుడు వేప పుల్లను చీల్చిన బద్దకూ, ఒక చెంచా నువ్వుల నూనెకూ పని ఉంటుంది. అంతకుమించి వాటినుంచి ఏమీ ఆశించనవసరం లేని స్థితికి ఆ ఊరు చేరడమే అసలు నయమవడం.